పరీక్షకు వెళితే నా పేరు బయటపడుతుందా?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ముగ్గురు స్నేహితులతో కలిసి అద్దెకు ఉంటున్నాను. నేను బైసెక్సువల్‌ని. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు గానీ స్నేహితులకు గానీ తెలియదు. రెండు వారాల కిందట దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకతన్ని కలిశాను. ఆరు రోజులుగా జ్వరం, గజ్జల్లో బిళ్లలు. తర్వాత మర్మాంగం దగ్గర నాలుగు పొక్కులు, అరచేతిలో ఒకటి లేచాయి. క్లినిక్‌కు వెళితే కాంపౌండర్ ముందే ‘పెళ్లయిందా? ఎవరి దగ్గరికి వెళ్లొచ్చావు?’ అని డాక్టర్ అడిగారు. ఎక్కడికీ వెళ్లలేదని అబద్ధం చెప్పి, ఇచ్చిన ఆయింట్‌మెంట్ తీసుకుని వచ్చేశాను. ఎంపాక్స్ (మంకీపాక్స్) గే వాళ్ల జబ్బని ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చదివి మా రూమ్మేట్లు నవ్వుకుంటున్నారు. నాకు వచ్చింది అదేనా? పరీక్షకు వెళితే నా పేరు బయటపడుతుందా? వచ్చే వారం ఊళ్లో చెల్లెలి సీమంతానికి వెళ్లవచ్చా?
– పేరు రాయవద్దు

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఎంపాక్స్‌ను అనుమానించక తప్పదు. జ్వరంతో పాటు గజ్జల్లో బిళ్లలు కట్టడం, పొక్కులు మర్మాంగాల దగ్గర మొదలై అరచేతిలోనూ కనిపించడం, అంతకుముందు మూడు వారాల లోపే ఒకరితో సన్నిహితంగా మెలగడం, ఇవన్నీ అటువైపే చూపిస్తున్నాయి. అయితే సిఫిలిస్ కూడా అరచేతుల్లో బయటపడుతుంది, హెర్పిస్ కూడా మర్మాంగాల దగ్గర పొక్కులతోనే మొదలవుతుంది కాబట్టి, ఇది కంటితో చూసి గానీ ఉత్తరం చదివి గానీ తేల్చే విషయం కాదు. పొక్కు మీద స్వాబ్‌తో రుద్ది తీసిన నమూనాకు పీసీఆర్ పరీక్ష చేస్తేనే ఖాయంగా తెలుస్తుంది. అదే రోజు సిఫిలిస్‌కు, హెచ్ఐవీకి రక్తపరీక్షలు కూడా చేయించుకోండి. 2022లో 16 దేశాలకు చెందిన 528 మంది ఎంపాక్స్ రోగుల వివరాలను పరిశీలించినప్పుడు వారిలో సుమారు 41 శాతం మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. హెచ్ఐవీ ఉండి, చికిత్స లేక రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన వారిలో ఎంపాక్స్ ప్రాణాల మీదికి తెస్తుంది. రెండు వారాల నాటి కలయిక వల్ల హెచ్ఐవీ సోకి ఉంటే అది ఇప్పటి పరీక్షలో కనిపించకపోవచ్చు, అందుచేత మూడు నెలలకు మరోసారి చేయించుకోవాలి. మీకిచ్చిన ఆయింట్‌మెంట్‌లో స్టెరాయిడ్ ఉందేమో అట్ట పెట్టె మీద చూసి, ఉంటే వాడకం ఆపేయండి.

క్లినిక్‌లో అబద్ధం చెప్పినందుకు మిమ్మల్ని నేను తప్పుపట్టలేను. మూడో మనిషిని పక్కన పెట్టుకుని ‘ఎవరి దగ్గరికి వెళ్లొచ్చావు’ అని అడిగితే రోగి నోట వచ్చే జవాబు అదే. అందులో తప్పు అడిగినవారిదే, అంటే మా వృత్తిదే. పెళ్లయిందా అన్న ప్రశ్నతో ఈ జబ్బుకు సంబంధం లేదు. గడిచిన మూడు వారాల్లో ఎవరితో, ఏ రకంగా కలిశారన్నది మాత్రం కావాలి, ఎందుకంటే నమూనా ఎక్కడినుంచి తీయాలో, ఇంకా ఏయే పరీక్షలు చేయాలో దాన్ని బట్టే నిర్ణయిస్తాం. ఈసారి వెళ్లినప్పుడు, ఒంటరిగా మాట్లాడాలని ముందే అడిగి, ‘రెండు వారాల కిందట ఒక పురుషుడితో కలిశాను, ఆ తర్వాత ఇవి లేచాయి’ అని చెప్పండి. మిమ్మల్ని మీరు గే అని గానీ బైసెక్సువల్ అని గానీ చెప్పుకోవలసిన పనిలేదు.

ఇక మీ రూమ్మేట్లు చదివిన మెసేజ్ సంగతి. నేను చెప్పిన ఆ 528 మందిలో 98 శాతం మంది గే లేదా బైసెక్సువల్ పురుషులే. అవమానం కలుగుతుందేమోనని ఈ అంకెను దాచిపెడితే, ముందుగా జాగ్రత్తపడవలసిన వారికే అన్యాయం చేసినవాళ్లం అవుతాం. కానీ ఈ అంకె వైరస్ స్వభావాన్ని చెప్పడం లేదు, ఆ ఏడాది అది పట్టిన దారిని చెబుతోంది. చర్మానికి చర్మం తగలడం వల్ల పాకే ఈ వైరస్ 2022లో, కొద్ది రోజుల వ్యవధిలో ఎక్కువమందిని కలిసే అలవాటున్న కొందరు పురుషుల మధ్యకు చేరింది, అక్కడ దారి దొరికింది కనుక వేగంగా పాకింది. మనుషుల్లో మొట్టమొదట గుర్తించిన రోగి, 1970లో కాంగోకు చెందిన తొమ్మిది నెలల పసిబిడ్డ. 2024 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండోసారి అత్యవసర పరిస్థితిని ప్రకటించేనాటికి ఆ దేశంలో ఈ జబ్బు బారిన పడినవారిలో ఎక్కువమంది పిల్లలే. ఒకే పక్క మీద పడుకున్నా, రోగి వాడిన తువ్వాలు వాడినా అంటుకునే జబ్బుకు గే వాళ్ల జబ్బని పేరు పెడితే, ఒంటి మీద పొక్కులున్న మిగతావాళ్లంతా ఇది తమది కాదనుకుంటారు.

ఈ పొరపాటు ఇదివరకే ఒకసారి జరిగింది. 1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు యువకుల గురించి తొలి నివేదిక వెలువడినప్పుడు, ఎయిడ్స్ అన్న పేరు ఇంకా పుట్టలేదు. కొన్నాళ్లపాటు ఆ జబ్బును ‘గే’ అన్న మాట చేర్చిన పేరుతోనే పిలిచారు. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా రోగులకూ, స్త్రీలకూ అది సోకుతోందని బయటపడ్డాక, 1982లో ఆ పేరు మార్చారు గానీ, పడిన ముద్ర చెరిగిపోలేదు. మన దేశంలో 1986లో చెన్నైలో తొలిసారి హెచ్ఐవీ బయటపడింది మహిళల్లో, మన తెలుగు రాష్ట్రాల్లో అది పాకింది ఎక్కువగా స్త్రీ పురుష సంబంధాల ద్వారానే. లైంగికమైన జబ్బే కానక్కరలేదు, ముద్ర వేయడానికి కరోనా కూడా చాలింది. 2020 మేలో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని ఇటెవాన్ ప్రాంతపు క్లబ్బుల నుంచి కరోనా వ్యాపించినప్పుడు, అవి గే క్లబ్బులని వార్తలు రావడంతో వెళ్లివచ్చినవారు పరీక్షకు రావడానికి వెనకాడారు. పేరు అక్కర్లేదు, ఫోన్ నంబర్ ఇస్తే చాలునని నగర పాలకులు ప్రకటించాక పరీక్షల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది.

మన ఇళ్లలో ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కడతాం, అమ్మవారు వచ్చిందంటాం, పోసినవాడి నడవడిక గురించి ఎవరూ అడగరు. దాదాపు అలాంటి పొక్కులే మర్మాంగాల దగ్గర లేచేసరికి మొదటి ప్రశ్న నడవడిక మీదికే పోతుంది. ఇలాంటి వాటికి మన వాడుకలో ఉన్న ‘సుఖవ్యాధి’ అన్న పేరులోనే నింద ఇమిడి ఉంది. ముప్పయ్యేళ్లుగా రోగుల ముందు ఆ మాట పలకడానికి నాకు నోరు రాదు.

మీ పేరు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. సియోల్‌లో చేసినట్టు పేరు లేకుండా ఎంపాక్స్ పరీక్ష చేసే ఏర్పాటు ఇక్కడ లేదు. ఫారంలో పేరు, ఫోన్ నంబర్ రాయాలి, జబ్బు ఉందని తేలితే ఆరోగ్య శాఖకు తెలియజేయాలి, వారు ఫోన్ చేసి మీరు ఎవరెవరిని కలిశారో అడుగుతారు. కానీ ఆ సమాచారం మీ ఆఫీసుకు గానీ ఊరికి గానీ చేరవలసిన పని లేదు, రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల నియమావళిలోనే ఉంది. హెచ్ఐవీ విషయంలో రక్షణ ఇంకా గట్టిది: 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని వెల్లడించకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో ఆ పరీక్ష ఉచితం, దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో 1097కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. పోలీసుల భయం ఉంటే అదీ వదిలేయండి, ఇద్దరూ పురుషులే అయినా వయోజనులు ఇష్టపూర్వకంగా కలవడం నేరం కాదని 2018లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పరీక్షకు వెళ్లినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కూడా కాదు. 2022 జులైలో కువైట్ నుంచి కామారెడ్డికి వచ్చిన ఒకరిని ఇదే అనుమానంతో హైదరాబాద్ ఫీవర్ ఆసుపత్రిలో చేర్చి, నమూనాలను పుణేలోని వైరాలజీ సంస్థకు పంపగా, ఎంపాక్స్ కాదని తేలింది.

ఫలితం వచ్చేదాకా జబ్బు ఉన్నట్టే భావించి విడిగా పడుకోండి. తువ్వాలు, దుప్పటి, రేజర్ ఎవరికీ ఇవ్వకండి, పొక్కులను గుడ్డతో కప్పి ఉంచండి, గిల్లకండి, వాటిని తాకిన చేత్తో కళ్లు నులుముకోకండి. కన్ను ఎర్రబడినా, మూత్రం కష్టమైనా, నొప్పి భరించలేనంతగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతుంది, జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుంది. పక్కులు రాలి కొత్త చర్మం వచ్చేదాకా ఎవరితోనూ కలవకూడదు, ఆ తర్వాత కూడా పన్నెండు వారాలపాటు కండోమ్ వాడాలి. మీరు కలిసిన ఆ వ్యక్తికి ఈ రోజే ఫోన్ చేయండి, అతనికి తెలిసి ఉండకపోవచ్చు. రూమ్మేట్లతో, ఇది అంటుకునే చర్మవ్యాధి అని చెబితే చాలు, అది అబద్ధమూ కాదు.

సీమంతానికి మాత్రం వెళ్లవద్దు. గర్భిణికి ఎంపాక్స్ సోకితే గర్భస్రావం కావచ్చు, కడుపులోని బిడ్డకూ సోకవచ్చు. ఒంటి మీద పొక్కులు లేచాయనీ, కడుపుతో ఉన్న చెల్లెలి దగ్గరికి రావద్దని డాక్టర్ చెప్పారనీ అమ్మతో అనండి. ఆమె బహుశా ఆటలమ్మ అనుకుని, తలుపుకు వేపాకు కట్టుకోమంటుంది.