మాట మంతి: ‘మావా’ అన్న పిలుపు ఎక్కడిది?

ప్రశ్న: మా అమ్మమ్మ తాతయ్యను ‘మావా’ అని పిలిచేది. మా అమ్మ నాన్నను ‘ఏమండీ’ అంటుంది. మేనమామను పిలిచే మాట భర్తకు ఎలా వచ్చింది? ‘వలపు’ అన్న మాట ఇప్పుడు ఎందుకు వినిపించదు?

జవాబు: మేనరికం మన కుటుంబాల్లో చాలాకాలం సహజమైన సంబంధం కావడం వల్ల, ఆడపిల్ల చిన్ననాటి నుంచి ‘బావా’, ‘మావా’ అని పిలిచిన మనిషే పెళ్ళయ్యాక భర్త అయ్యేవాడు, పిలుపు మాత్రం మారేది కాదు. తరువాత చుట్టరికం లేని చోట కూడా, ముఖ్యంగా పల్లెల్లో, ఆ పిలుపులు ప్రేమకు గుర్తులుగా నిలిచిపోయాయి. నాకు అవి ‘ప్రియుడు’ కన్నా ఎంతో దగ్గరి మాటలు. హైదరాబాద్ కుర్రాళ్ళ నోట ‘మామ’ స్నేహితుడికి కూడా చెల్లుతుంది.

ఇక ‘వలపు’, ‘వలచు’ అచ్చతెలుగు మాటలు. 17వ శతాబ్దపు కవి క్షేత్రయ్య ‘పదాలు’ అనే శృంగార గీతాల్లో నాయిక మువ్వగోపాలుడి (కృష్ణుడి) మీద మోహాన్నీ, అలకనూ దాచుకోకుండా చెప్పుకుంటుంది. ‘ప్రేమ’ సంస్కృతం నుంచి వచ్చిన మాట, తల్లి మమకారానికీ, స్నేహానికీ, స్త్రీపురుషుల ఆకర్షణకూ ఒకేలా సరిపోతుంది కాబట్టి, నలుగురిలో పలకడానికి సులువై ‘వలపు’ను పాటలకు, పద్యాలకు పరిమితం చేసిందని నా అభిప్రాయం. ఇప్పుడు ‘లవ్ చేసుకున్నారు’ అనడం పల్లెల్లోనూ మామూలే, అయితే మనసులోని మాట చెప్పవలసి వచ్చినప్పుడు చాలామంది ‘నువ్వంటే ఇష్టం’ అనే అంటారు.