పెన్న ఇసుక మీద ఆటవెలది

ఛందస్సు నేర్చుకుని పద్యాలు రాస్తే ఇప్పటి కవుల్లో ఎవరైనా లెక్కచేస్తారా, వచన కవిత రాసుకోవడమే మేలా అని అడిగారు. నెల్లూరులో ఉంటూ పదిహేనేళ్ళుగా పద్యాలు రాస్తున్నాను, నాకు అనుభవమైంది చెప్తాను.

పత్రికల్లో, పురస్కారాల్లో పద్యానికి చోటు తక్కువే. ఒక కవిసమ్మేళనంలో నా వంతు చిట్టచివర వేసి, "టైం లేదు, ఒక్క పద్యంతో ముగించండి" అన్నారు. చాలా బాధపడ్డాను. అదే నెలలో పక్క ఊరి తిరునాళ్ళలో హరిశ్చంద్ర ఆడితే, రాత్రి రెండింటికి కాటిసీను పద్యాలకి వన్స్‌మోర్ కొట్టారు. అందులో రొయ్యల గుంటల కాడ పనిచేసేవాళ్ళున్నారు, ఆటో తోలేవాళ్ళున్నారు. వినే చెవులు ఎక్కడికీ పోలేదండీ.

చిక్కంతా మనం వాడే మాటల్లో ఉంది. ఒకసారి ఆటవెలది (నాలుగు పాదాల చిన్న తెలుగు పద్యం) మొదలుపెట్టి "పెన్న సైకతముల పిన్నలు క్రీడింప" అని మా అవ్వకి చదివాను. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే పొట్టి, పొడుగు అక్షరాల చిన్న గుంపు), పె-పి యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం ధ్వనిలో కలవడం), అన్నీ కుదిరాయి. "ఏందబ్బయా, ఎవురు ఏం చేస్తుండారు?" అనింది. విడమరిచి చెప్తే నవ్వి, తను కాపరానికొచ్చిన రోజు ఏట్లో నీళ్ళెంతున్నాయో చెప్పింది. అప్పుడు మళ్ళీ రాశాను:

పెన్న యిసుకమీద పిల్లలు బంతాట
లాడుతుంటె చూసి అవ్వ నవ్వె
"నేను దాటినపుడు నిండుగా నీళ్ళురా
పడవ మీద వస్తి పసుపు కాళ్ళ"

ఛందస్సు అదే, మొదటి పాదంలో యతి కూడా అదే. మూడు రోజుల తర్వాత, అక్షరమ్ముక్క రాని అవ్వ బియ్యం ఏరుకుంటూ దీన్ని ఒక్క తప్పు లేకుండా చెప్పుకుంటోంది. నా వచన కవిత ఒక్కటీ ఆమె నోట అలా నిలవలేదు.

పదమూడో శతాబ్దంలో భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన ఇక్కడివాడే. 1939లో ఫిడేలు రాగాల డజన్ అనే వచన కవితల పుస్తకంలో పద్యాల నడుములు విరగదంతానన్న కవి పఠాభి ఇక్కడివాడే. పఠాభి కోపం నాకర్థమవుతుంది. మూసపోసిన పద్యం మీద నాకూ కోపమే. కానీ మా జిల్లా దువ్వూరి రామిరెడ్డి రైతు బతుకుని పద్యాల్లోనే రాశాడు కదా.

కాబట్టి నేర్చుకోండి. ముందు ఆటవెలది, తేటగీతి పట్టండి, వాటికి ప్రాస నియమం లేదు. (ప్రాసంటే పాదం చివర కలిసేది అనుకుంటారు చాలామంది. మన పద్యంలో అది ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం.) తర్వాత కందం. ఉత్పలమాలకి తొందరపడొద్దు, గణాలు నింపడానికి నిఘంటువు వెతుక్కునే అలవాటు అక్కడే పడుతుంది. రాసింది ఇంట్లో పెద్దవాళ్ళకి పైకి చదవండి. ఏ మాట దగ్గర "అంటే?" అని అడిగితే ఆ మాట తీసేసి మళ్ళీ కట్టండి.