సూపర్ నేపియర్ కాండాలను బర్రెలు వదిలేస్తున్నాయి, గడ్డి మార్చాలా?

ప్రశ్న: మాది శంకర్‌పల్లి దగ్గర ఊరు. అయిదు ముర్రా బర్రెలున్నాయి, పాలు హైదరాబాద్‌లో ఇళ్లకు పోస్తాం. రెండేళ్ల కింద ఎకరం చెల్కలో సూపర్ నేపియర్ అనే పశువుల మేత గడ్డి పెట్టాను. పన్నెండు అడుగుల ఎత్తు పెరుగుతోంది, కానీ బర్రెలు ఆకు తిని కాండం తొట్టిలోనే వదిలేస్తున్నాయి. పాలూ తగ్గాయి. దుబ్బులు నడుమ ఎండిపోతున్నాయి. ఇది పీకేసి వేరే రకం పెట్టమంటారా? కొట్టం కడిగిన నీళ్లు గడ్డికి పారించొచ్చా?

జవాబు: పీకేయాల్సిన పని లేదన్నా. పన్నెండు అడుగులు అని మీరు రాసిన చోటే జబ్బు దొరికింది. మీ గడ్డి ముదిరిపోయింది, అంతే. గడ్డి పక్కన మనిషి నిలబడి చేయి పైకెత్తి దిగిన ఫోటోలు చూపించి విత్తన ముక్కలు అమ్మేవాళ్లు మనకు ఎత్తు పిచ్చి పట్టించారు గానీ, బర్రెకు ఎత్తుతో పని లేదు, దానికి కావాల్సింది ఆకు. 40–45 రోజుల గడ్డిని ఎండు పదార్థం లెక్కన, అంటే నీరు తీసేసి చూస్తే, మాంసకృత్తులు 10 శాతం అటూ ఇటూ ఉంటాయి. 90 రోజులు దాటనిస్తే ఆరేడు శాతానికి దిగిపోతాయి, పైగా కాండాన్ని కర్రలా గట్టిపరిచే లిగ్నిన్ పేరుకుని నమిలినా అరగదు. రేపు పొద్దున ఒక పిలక కోసి కింది నుంచి మూడో కణుపు దగ్గర బొటనవేలి గోరు గుచ్చి చూడండి. గోరు దిగి నీరు చిమ్మితే మేతకు పనికొస్తుంది. గోరు జారిపోయి, విరిస్తే లోపల తెల్లటి బెండు, పీచులు బయటికొస్తే బర్రె దాన్ని వదిలేయడం దాని తప్పు కాదు.

మరి ఎందుకు ముదురుతోంది? మీరు బద్ధకించి కాదు, మీకు గడ్డి ఎక్కువై. లెక్క చూడండి. పచ్చిమేత బర్రెకు 30 కిలోల చొప్పున అయిదింటికి రోజుకు 150 కిలోలు. ఎరువు, నీళ్లు సరిగా అందిన నేపియర్ 45 రోజుల కోతకు గుంటకు (ఎకరంలో నలభయ్యో వంతు) 250 కిలోలైనా ఇస్తుంది. అంటే ఒక గుంట మీకు ఒకటిన్నర రోజు దాటి వస్తుంది, 40 గుంటలు తిరిగి రావడానికి రెండు నెలలు పైనే పడుతుంది. ఈలోగా మొదట కోసిన చోట గడ్డి ముదిరి బరువెక్కుతుంది, బరువెక్కిన గుంట ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది, రెండో చుట్టు మూడు నెలలకు పోతుంది. మీ చేలో జరుగుతున్నది ఇదే. నా లెక్క నమ్మనక్కర్లేదు, ఒక గుంట కొలిచి కోసి తూకం వేసుకోండి, మీ నేల లెక్క మీకే తేలుతుంది.

కాబట్టి నేపియర్‌ని 30 గుంటలకు కుదించండి. 30 గుంటల్ని 45 రోజులకు పంచితే రోజుకు 80 గజాలు. కర్రలు పాతి 80 గజాల మడులుగా గుర్తు పెట్టుకుని, ఆ రోజు వంతు ఆ రోజే కోయాలి. ఉన్న చేనంతా ఒక్కసారే కోసేస్తే మళ్లీ అంతా ఒకేసారి చేతికొచ్చి కథ మొదటికొస్తుంది, అందుకే ఇవాళ పది గుంటలు, పదిహేను రోజులకు ఇంకో పది, ఆ తర్వాత పదిహేను రోజులకు చివరి పది అన్నట్టు మూడు విడతలుగా కోయండి. మొదటి విడతకు 45 రోజులు నిండేసరికి మీ రోజువారీ వంతు దానంతటదే మొదలవుతుంది.

ఈ కోతల్లో వచ్చే ముదురు గడ్డిని పారేయొద్దు. మూడు నెలల కాండం మేతకు పనికిరాకపోయినా విత్తనానికి మాత్రం అదే కావాలి, చుట్టుపక్కల ఎవరైనా కొత్తగా పెట్టుకునేవాళ్లుంటే రెండు కణుపుల ముక్కలుగా అమ్ముకోండి. మిగిలింది పూటంతా వాడబెట్టి, చాఫ్ కట్టర్‌లో అంగుళం లోపు ముక్కలు కొట్టి, సైలేజీ వేయండి, అంటే గాలి తగలకుండా మాగబెట్టి నిల్వ చేయండి. నేపియర్‌లో చక్కెరలు తక్కువ, అందుకని టన్నుకు 10–20 కిలోల బెల్లం నీళ్లలో కరిగించి చల్లాలి, గాలి లేకుండా గట్టిగా తొక్కి మూయాలి, 45 రోజులు ముట్టుకోవద్దు. సైలేజీ చేసినంత మాత్రాన ముదురు గడ్డి లేతదైపోదు, కానీ ఏప్రిల్, మే నెలల్లో వట్టి వరిగడ్డి మీద నడపడం కంటే చాలా నయం.

చాలామంది ఈ మాట విన్నాక రెండో వైపుకి పరిగెడతారు, 25 రోజులకే కోయడం మొదలుపెడతారు. అదీ వద్దు. మరీ లేత గడ్డిలో నీరే ఎక్కువ, పేడ పలచబడుతుంది, ఆక్సలేట్లు కూడా ఎక్కువ ఉంటాయి. ఇవి కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. పాలిచ్చే బర్రెకు కాల్షియం ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. వేళ్లలో దాచుకున్న శక్తి అయిపోయి దుబ్బు కూడా నీరసిస్తుంది. చలికాలం సంగతి వేరు. డిసెంబర్, జనవరిలో మన వైపు రాత్రిళ్లు 15 డిగ్రీల కిందికి దిగితే ఈ గడ్డి దాదాపు ఆగిపోతుంది, అప్పుడు కోతకు 55–60 రోజులైనా టెన్షన్ పడొద్దు, యూరియా పెంచొద్దు.

దుబ్బు నడుమ ఎండటం దగ్గరికి వద్దాం. మీ కూలీలు ఎంత ఎత్తులో కోస్తున్నారో ఒకసారి చూడండి, అడుగు మొడెం వదిలేస్తూ ఉంటారని నా అనుమానం, ఎందుకంటే ముదురు కాండాన్ని కొడవలితో కిందికి కోయడం కష్టం, పైన కోస్తే తేలిక. అలా వదిలిన మొడెం మీది కణుపుల నుంచి వచ్చే పిలకలు సన్నగా వచ్చి గాలికి విరుగుతాయి, మొడెం ఎండి నడుమ గూడులా మిగిలిపోతుంది. నేల మీద నాలుగైదు అంగుళాలు వదిలి కోయించండి, ఎండిన మొడేలు ఏరేయండి, మూడు కోతలకోసారి మట్టి ఎగదోయండి. ప్రతి కోత తర్వాత గుంటకు కిలో యూరియా, అంటే ఎకరాకు 40 కిలోలు, వేసి వెంటనే తడి ఇవ్వాలి. రోజూ చల్లే ఓపిక లేకపోతే ఆ వారం కోసిన మడులన్నిటికీ కలిపి ఒకరోజు వేయండి. ఏడాదికోసారి బాగా మాగిన పశువుల ఎరువు తప్పదు. అయినా మూడు నాలుగేళ్లకు దుబ్బులు పలచబడితే వాటి అంచు పిలకల్నే చీల్చి కొత్త చోట నాటుకోవచ్చు.

రకం మార్చడం గురించి: కోయంబత్తూరు సీఓ-4, సీఓ-5, మన రాజేంద్రనగర్ ఏపీబీఎన్-1 అన్నీ మంచివే. కానీ ఇవన్నీ, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన మీ సూపర్ నేపియర్‌తో సహా, నేపియర్‌కి సజ్జకి పుట్టినవే, 90 రోజులు వదిలేస్తే ఏదైనా ముదురుతుంది. ఆ డబ్బు మిగిలిన పది గుంటల మీద పెట్టండి, అందులో దశరథ గడ్డి వేయండి. ఇది బహువార్షిక పప్పుజాతి మేత. గింజ పెంకు గట్టిది, మరిగి దించిన నీళ్లు మూడు నాలుగు నిమిషాలు ఆరాక అందులో అయిదు నిమిషాలు ఉంచి, వంపేసి, చన్నీళ్లలో నానబెట్టి విత్తితేనే మొలక బాగుంటుంది. మొదటి కోతకు మూడు నెలలు పడుతుంది, ఆ తర్వాత 40 రోజులకోసారి. అప్పటిదాకా అలసంద చల్లుకోండి. మూడు పాళ్ల నేపియర్‌కి ఒక వంతు పప్పుజాతి మేత కలిపి కొట్టి వేస్తే దాణా మీద భారం కొంత తగ్గుతుంది. దశరథ గడ్డి విత్తనం కోసం హైదరాబాద్ దగ్గర మామిడిపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పశుగ్రాస కేంద్రంలో అడిగి చూడండి.

పాలు తగ్గడానికి గడ్డి ఒక్కటే కారణమని తేల్చేయకండి. ఏ బర్రె ఈని ఎన్ని నెలలైందో కూడా చూసుకోండి, ఎనిమిదో నెల పాలలో ఉన్న బర్రెకు ఎంత లేత గడ్డి వేసినా మొదటి నెలల పాలు రావు. దాణా, నాలుగైదు కిలోల వరిగడ్డి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మాత్రం ఆపొద్దు.

కొట్టం కడిగిన నీళ్లు నిక్షేపంగా పారించండి, నేపియర్‌కి అంతకంటే ఇష్టమైనది లేదు. కాకపోతే ఒకే మడికి రోజూ వదలకుండా మడులు మారుస్తూ ఉండాలి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఆ నీళ్లు పారే మడులకు యూరియా సగం చాలు. ఫినాయిల్ పోసి కడిగిన రోజు మాత్రం నీళ్లు బయటికి మళ్లించండి.