మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: నా వయసు 41. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. 75 మైక్రోగ్రాముల నుంచి 100కు పెంచారు. అయినా టీఎస్‌హెచ్ ఒకసారి 3, ఇంకోసారి 9, మొన్న 11 వచ్చింది. నీరసం, మలబద్ధకం అలాగే ఉన్నాయి. పొద్దున మాత్ర వేసుకోగానే కాఫీ తాగుతాను. టిఫిన్ చేశాక ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటాను. మోతాదు ఇంకా పెంచాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఇది పెరుగుతుంది. మోతాదు నిజంగా చాలకపోతే టీఎస్‌హెచ్ ఎప్పుడు చూసినా ఎక్కువగానే ఉంటుంది. మీకు 3 కూడా వచ్చింది. అంటే మందు ఒంటికి ఒక్కోసారి ఒక్కోలా అందుతోందని అనుమానించాలి. మీ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్ చిన్నపేగులో ఇంకుతుంది, అదీ కడుపు ఖాళీగా ఉంటేనే బాగా ఇంకుతుంది. వెంటనే తాగిన కాఫీ దాన్ని తగ్గిస్తుంది. ఐరన్, కాల్షియం అయితే పేగులోనే మందును పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. యాంటాసిడ్లదీ ఇదే తీరు. ఇలాంటప్పుడు మోతాదు పెంచుకుంటూ పోతే, ఏదో ఒక రోజు మీరు ఐరన్ మానేయగానే అదే మోతాదు ఎక్కువైపోతుంది. గుండె దడ, చేతుల వణుకు మొదలవుతాయి. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఎముకలూ గుల్లబారతాయి.

పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని, కాఫీకీ టిఫిన్‌కీ కనీసం అరగంట ఆగండి. గంట ఆగగలిగితే మరీ మంచిది. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం తప్పనిసరి, కాబట్టి వాటిని మధ్యాహ్న భోజనానికి మార్చుకోండి. పొద్దున హడావిడిలో కుదరదంటే, రాత్రి తిన్న మూడు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకున్నా బాగానే పనిచేస్తుంది. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ పాటించండి. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మరిచిపోయానని మొత్తానికే మానేయడమే అసలు నష్టం.

ఇలా మార్చుకున్నాక 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్ష చేయించుకోండి. ఈ మందు సగానికి తగ్గడానికే రక్తంలో వారం పడుతుంది, పిట్యూటరీ గ్రంథి సర్దుకోవడానికి ఇంకా సమయం కావాలి. పదిహేను రోజులకే చేయించిన రిపోర్టు చూసి మోతాదు మార్చడం తొందరపాటు. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. ఒంట్లో ఏమీ మారకపోయినా కొన్ని ల్యాబ్ యంత్రాల్లో అది అంకెను తప్పుగా చూపిస్తుంది. మాత్రల కంపెనీ మారినా 6 వారాలకు ఒకసారి చూపించుకోవాలి. ఇంత జాగ్రత్త పడ్డా అంకె దిగకపోతే, గ్యాస్ట్రిక్ మందుల వాడకం, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం) వంటి పేగు జబ్బులు కారణమేమో డాక్టర్‌తో వెతికించండి.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. టీఎస్‌హెచ్ 6.2, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) మామూలుగానే ఉంది. యాంటీ టీపీవో (థైరాయిడ్‌కు ఎదురుతిరిగే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. మందు మొదలుపెట్టాలా?

జవాబు: పిల్లల ఆలోచన లేకపోతే, రెండు మూడు నెలలాగి మళ్లీ పరీక్ష చేయించమనేవాళ్లం. ఏదైనా జబ్బు నుంచి కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి, దానంతటదే దిగడం మామూలే. 10 దాటితే సాధారణంగా మందు ఇస్తారు, ఆలోపు వయసునూ లక్షణాలనూ బట్టి నిర్ణయిస్తారు.

మీ సంగతి వేరు. యాంటీబాడీలు ఉన్నాయంటే హషిమోటో అనే వ్యాధిలో శరీరమే తన థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేస్తోందన్నమాట. తొలి నెలల్లో గర్భంలోని బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే దిక్కు. అందుకే గర్భానికి ముందే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, టీఎస్‌హెచ్ 2.5 లోపుకు తెచ్చుకోవడం మంచిది. ఈ నెలలోనే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టర్‌ను) కలవండి. మందు వాడుతుండగా నెల తప్పితే ఎంత పెంచాలన్నదీ అప్పుడే అడిగి రాయించుకోండి. చాలామందికి అప్పుడు నాలుగో వంతు పైగా పెంచాల్సి వస్తుంది, వారానికి 7 మాత్రల బదులు 9 వేసుకోమంటారు. ఆ తర్వాత గర్భం సగం నెలలు గడిచేదాకా 4 వారాలకోసారి పరీక్ష ఉంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు, స్టెంట్ ఉంది. టీఎస్‌హెచ్ 38 వచ్చినా 25 మైక్రోగ్రాముల మాత్రే రాశారు. చాలదేమోనని భయంగా ఉంది.

జవాబు: డాక్టర్ కావాలనే తక్కువతో మొదలుపెట్టారు. కుర్రవాళ్లకైతే కిలో బరువుకు దాదాపు 1.6 మైక్రోగ్రాముల లెక్కన మొదటిరోజు నుంచే పూర్తి మోతాదు ఇవ్వవచ్చు. గుండెజబ్బు ఉన్నవారికి ఒక్కసారిగా ఇస్తే గుండె వేగం, దాని ఆక్సిజన్ అవసరం పెరిగి ఛాతీనొప్పి వచ్చే ప్రమాదముంది. అందుకే 12.5 లేదా 25తో మొదలుపెట్టి, 6 నుంచి 8 వారాలకోసారి కొంచెం కొంచెం పెంచుతారు. మీరు సొంతంగా రెండో మాత్ర కలపకండి. ఛాతీలో నొప్పి, బిగుతు, ఆయాసం కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.