చెక్క బోటుకు వేసిన పాత ఫైబర్ (గాజు పోగులు, రెజిన్ కలిపిన పొర) తీసేయాలా, దాని మీదే కొత్త పొర వేస్తే చాలదా?

మీదే వేసి ఇచ్చేవాళ్లు కావలసినంత మంది దొరుకుతారు. పైన రంగు కొడితే కొత్త బోటులా మెరుస్తుంది కూడా. కానీ పాత పొర చెక్కను వదిలేశాక దాని మీద ఎన్ని పొరలు వేసినా డబ్బు సముద్రంలో పోసినట్టే.

మాది భీమిలి వైపు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోట్ల రిపేర్లన్నీ అప్పుడే. మా మామయ్య ఈ పనే చేసేవాడు. ఒకసారి ఒకాయన ఇలాగే "పైపైన ఒక మ్యాట్ వేసెయ్ బావా" అంటూ వచ్చాడు. మామయ్య జవాబు చెప్పలేదు. చిన్న సుత్తి తీసుకుని బోటు చుట్టూ కొట్టుకుంటూ పోయాడు. బాగున్నచోట టక్ టక్‌మని గట్టిగా పలికింది. చుక్కాని దగ్గరకు రాగానే డొల్ల మోత. అంతవరకూ సుద్దతో గీత గీసి, అంచులో ఉలి దూర్చి లేపాడు. పట్టకారుతో నేను లాగితే మూరెడు ముక్క చర్రున ఊడొచ్చింది. కింద నల్లటి నీళ్లు, ముక్కిపోయిన వాసన. ప్లైవుడ్ వేలితో గుచ్చితే దిగిపోయేంతగా చివికిపోయింది. బావగారు ఇంకేం మాట్లాడలేదు.

నీళ్లు వచ్చింది చుక్కాని బోల్టు రంధ్రాల్లోంచి. లోపలికెళ్లిన తడిని ఫైబర్ బయటికి పోనివ్వదు. చెక్క ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. గాజు పోగుల్ని అతికించిన పాలిస్టర్ రెజిన్ దానితోపాటు కదలదు, అందుకే అతుకు వదిలేస్తుంది.

కాబట్టి గట్టిగా పలికేచోటి వరకూ తీయండి. చివికిన చెక్క కోసేసి మెరైన్ ప్లై వేయండి, పూర్తిగా ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం దగ్గరే అందరికీ తొందర! మిగిలిన ఫైబర్ అంచును మందానికి 12 రెట్లు ఏటవాలుగా అరగదీయాలి, అంటే 5 మిల్లీమీటర్ల పొరకు 6 సెంటీమీటర్లు. ఆ వాలు లేకుండా పుట్టీ పూసి చదును చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గ్రైండింగ్‌కు ముఖానికి తువ్వాలు చాలదు, సరైన మాస్క్, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా ఉండాలి. లేకపోతే రాత్రంతా దురదతో నిద్ర ఉండదు.

చెక్క మీదికి నా ఓటు ఎపాక్సీ రెజిన్‌కే. ఖరీదే, కానీ పాలిస్టర్ కంటే బాగా పట్టుకుంటుంది. దానికి మామూలు చాప్డ్ మ్యాట్ (తరిగిన గాజు పోగుల చాప) కాకుండా నేసిన గాజు గుడ్డ వాడండి. మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. పాలిస్టరే వాడతానంటే రెజిన్ 100 గ్రాములకు హార్డెనర్ 1 నుంచి 2 గ్రాములు. మే ఎండలో 2 దాకా వెళ్తే మగ్గులోనే పొగలొస్తుంది, పొద్దున్నే పని చేసుకోండి.

ఇంకొకటి. హార్డెనర్‌ను, పాలిస్టర్ త్వరగా గట్టిపడేందుకు వేసే కోబాల్ట్‌ను నేరుగా ఎప్పుడూ కలపకూడదు, మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. మాకు ఒక షాపువాడు రెండింటినీ ఒకే రకం మంచినీళ్ల సీసాల్లో, పేరైనా రాయకుండా పోసిచ్చాడు! అలాంటివి తీసుకోకండి.

చుక్కాని బోల్టులు తిరిగి బిగించే ముందు రంధ్రాలు పెద్దవి చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ డ్రిల్ వేయించండి. అప్పుడు బోల్టు చుట్టూ నీళ్లు దిగినా చెక్కకు తగలవు.