అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి గవర్నమెంట్ ఇచ్చే ఆరోగ్య బీమా) ఫ్రాడ్ గురించి చెప్తే డబ్బులిస్తారా?

ఇస్తారు, కానీ ఎలా చెప్పారన్నదే అసలు పాయింట్. ఊరికే ఫోన్ చేసి ఫలానా క్లినిక్ దొంగ బిల్లులు పెడుతోందని చెప్తే, అది నిజమై డబ్బు రికవరీ అయినా మీకొచ్చేది అందులో 10 శాతం లేదా 1000 డాలర్లు, ఏది తక్కువైతే అది. పెద్ద మొత్తం రావాలంటే ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ (గవర్నమెంట్‌ని దొంగ బిల్లులతో మోసం చేసేవాళ్ల మీద చట్టం, 1863లో లింకన్ టైంలో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టే కాంట్రాక్టర్లని పట్టుకోవడానికి తెచ్చింది) కింద లాయర్ని పెట్టుకుని గవర్నమెంట్ తరఫున మీరే కేసు వెయ్యాలి, ప్రభుత్వం అందులోకి దిగితే రికవరీ అయినదాంట్లో మామూలుగా 15 నుంచి 25 శాతం మీకొస్తుంది, దిగకుండా మీరే గెలిస్తే 25 నుంచి 30. కేసు కనీసం 60 రోజులు సీల్‌లో (అంటే రహస్యంగా) ఉంటుంది, ఆ సీల్ తీసేదాకా వాట్సాప్ గ్రూపులో కూడా నోరు మెదపకూడదు. ఇంకోటి, పేషెంట్ రాని రోజుకి విజిట్ బిల్లు వేసినట్టు కాగితం లాంటిది చేతిలో ఉండాలి, ఉత్త అనుమానంతో వెళ్తే పనవ్వదు.