ఆ ఒక్క టాస్కు ఎందుకు తెమలదు?

ప్రశ్న: సార్, మాది చాలా ఊళ్లలో షాపులున్న కంపెనీ. రోజూ రాత్రి స్పార్క్ (పెద్ద డేటా పనిని చాలా మెషీన్లకు పంచి నడిపే సాఫ్ట్‌వేర్) జాబ్‌లో ఫోన్ నంబరు వారీగా విండో పెట్టి, అంటే ఒక్కో నంబరు బిల్లులన్నీ ఒకచోట చేర్చి వరుస పెట్టి, ప్రతి కస్టమర్ ఆఖరి బిల్లు తీస్తాం. పైథాన్ కోడ్‌లో ప్రతి లైనుకూ ముందూ వెనకా టైమ్ చూశాను. విండో లైనుకు అర సెకను కూడా పట్టలేదు, ఫైలు రాసే లైనుకు 40 నిమిషాలు! డిస్క్ నెమ్మదంటారా?
– ఒక డేటా ఇంజనీర్, విశాఖపట్నం

జవాబు: డిస్క్ జోలికి పోకండి. ఆ అర సెకనులో స్పార్క్ పని చేయలేదు, చేయాల్సింది రాసుకుంది, అంతే. ఫైలు రాయమన్నప్పుడో, కౌంట్ అడిగినప్పుడో అసలు పని మొదలవుతుంది. అందుకే నేరమంతా ఆఖరి లైను మీద పడింది. అలాగని లైను లైనుకూ కౌంట్ పెట్టేరు! చేసిన పని ఫలితాన్ని దాచుకోకపోతే (కాష్ చేయకపోతే) ప్రతి కౌంట్‌కూ పని మొదటికొస్తుంది. గంట జాబ్‌ని అలాగే మూడు గంటలు చేసుకున్నవాణ్ణి నేను.

జాబ్ నడుస్తుండగా 4040 పోర్టులో స్పార్క్ పేజీ తెరిచి, ఎక్కువసేపు పట్టిన స్టేజ్ లోపలికి వెళ్లండి. జాబ్‌లో ఒక్కో దశ ఒక స్టేజ్, ఆ దశలో పంచిన ఒక్కో ముక్క పని ఒక టాస్కు. టాస్కుల టైముల్లో మీడియన్ (వరుసలో నడిమిది), మ్యాక్సిమమ్ పక్కపక్కన పెట్టి చూడండి. సగటు నమ్మొద్దు. 199 టాస్కులు 5 సెకన్ల చొప్పున, ఒక్కటి 35 నిమిషాలు తీసుకున్నా సగటు పదిహేనున్నర సెకన్లే. పంక్తిలో ఆఖరివాడు లేచేదాకా రెండో పంక్తి కూర్చోదు కదా, తర్వాతి స్టేజ్ సంగతీ అంతే.

ఆ ఆలస్యపు టాస్కు షఫుల్ రీడ్ సైజు (ముందు స్టేజ్ నుంచి దాని వంతుకు వచ్చిన డేటా) ఎంతో చూడండి. మిగతా టాస్కుల్లాగే ఉంటే జీసీ టైమ్ (మెమరీలో చెత్త ఊడ్చడానికి పట్టిన టైమ్) చూడండి, అదీ మామూలుగా ఉంటే మెషీన్‌ని అనుమానించండి. పెద్ద పనిని చాలా మెషీన్లకు పంచే పద్ధతి గురించి గూగుల్ 2004లో రాసిన మ్యాప్‌రెడ్యూస్ పేపర్లోనే ఈ గొడవ ఉంది: డిస్క్ పాడైతే సెకనుకు 30 ఎంబీ చదివే మెషీన్ 1 ఎంబీకి పడిపోవచ్చట. వెనకబడ్డ టాస్కుకు ఇంకో కాపీ వేరేచోట నడిపే ఏర్పాటు తీసేస్తే వాళ్ల సార్టింగ్‌కు 44 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. స్పార్క్‌లో దాని పేరు స్పెక్యులేషన్, మనమే ఆన్ చేసుకోవాలి.

సైజే భారీగా ఉంటే మాత్రం స్పెక్యులేషన్ పనికిరాదు, రెండో కాపీ కూడా అదే బరువు మోయాలి. మీది ఇదేనని నా అనుమానం. నేను పనిచేసిన చోట ఫోన్ నంబరు చెప్పని వాళ్లందరికీ కౌంటర్లో పది సున్నాలు కొట్టేవారు. ఆ బిల్లులన్నీ ఒకే టాస్కు నెత్తిన! 3.2 వెర్షన్ నుంచి స్పార్క్ ఇలాంటి కుప్పల్ని తనే విడగొడుతోంది గానీ, అది జాయిన్లకే (రెండు టేబుళ్లను కలిపేటప్పుడే), విండోకి కాదు. మీ డేటాలోనూ సున్నాలుంటే విండోకి ముందే ఫిల్టర్ చేసేయండి. ఆ పది సున్నాల కస్టమర్ ఆఖరిగా ఏం కొన్నాడో మీ మేనేజర్‌కి మాత్రం ఎందుకు?